రొట్టె తెచ్చే మనిషి పేరు కొట్టేసిన ఆదివారం

మా సంఘంలో మూడు పుస్తకాలున్నాయి. మొదటిది బాప్తిస్మాల పుస్తకం, రెండవది సభ్యుల పట్టిక, మూడవది తీర్మానాల పుస్తకం. ముప్పై ఒక్క సంవత్సరాలుగా మూడింటినీ నేనే రాస్తున్నాను. బడిలో పాఠాలు చెబుతున్న రోజుల్లోనూ రాశాను, పదవీ విరమణ తర్వాతా రాస్తున్నాను. ఇన్నేళ్ళలో నా చేతిరాత లేని పేజీ గానీ, నేను స్కేలు పెట్టి గీయని గడి గానీ వాటిలో లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగినదానిలో నా వంతు ఎంతో తేలాలంటే ముందుగా ఇది చెప్పక తప్పదు.

ఊరి పేరు చెప్పను. ఆత్మకూరు నుంచి కృష్ణా నది వైపు పోయే దారిలో ఉందంటే చాలు. తారీఖులు నా దగ్గర వరుసగా ఉన్నాయి, కాని వాటినీ ఇక్కడ వేయను. నేను ఎవరి గురించి రాస్తున్నానో ఆ మనిషి కూతురు ఇప్పటికీ ఉద్యోగంలో ఉంది. ఒక కాగితం ఎంత పని చేయగలదో కళ్ళారా చూసినవాడిని, ఇంకొక కాగితం మీద ఆమె ఆనవాలు పెట్టలేను.

మా వాడలో ప్రతివాడికీ రెండు పేర్లు. బడిలో, రేషను కార్డులో, కులం సర్టిఫికెట్‌లో ఉండేది ఒకటి. నీళ్ళలో మునిగి లేచాక సంఘం పిలిచేది ఇంకొకటి. కారణం తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. మా కులంవాడు హిందువుగా ఉన్నంతకాలం చట్టం లెక్కలో ఎస్సీ. క్రైస్తవుడినని చెప్పుకున్న రోజు నుంచి ఎస్సీ కాడు, బీసీలలో ఒక మూలకు పోతాడు. వాడ మారదు, పని మారదు, ఊరివాళ్ళు చూసే చూపు మారదు. ఏసు పేరు చెప్పుకున్నందుకు ఏ పెద్ద ఇంటి గడపా మాకు తెరుచుకోలేదు. కాగితం మాత్రం మారిపోతుంది. మనిషిని మునుపటిలాగే బయట నిలబెట్టి, నువ్వు లోపలికి వచ్చేశావు కాబట్టి నీకు సాయం అక్కరలేదని చెప్పే న్యాయం ఏ రకం న్యాయమో నాకు ఈ వయసులోనూ అర్థం కాలేదు. అందుకే మా తాతల నాటి నుంచి రెండు పేర్లతో బతుకుతున్నాం.

నాకంటే ముందు పుస్తకం రాసిన పెద్దమనిషి సంఘం పేరు ఒక్కటే రాసేవాడు. ఒకే పేరు గలవాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఆ గందరగోళం నాకు గిట్టలేదు. పుస్తకం చేతికి వచ్చిన మొదటి వారంలోనే ఎర్ర సిరాతో ఒక కొత్త గడి గీసి, దాని తల మీద 'బడి పేరు' అని రాశాను. అప్పటి నుంచి ప్రతి బాప్తిస్మానికీ రెండు పేర్లూ పక్కపక్కన పడ్డాయి. చుట్టుపక్కల ఏ సంఘంలోనూ ఇంత స్పష్టమైన పుస్తకం లేదని అప్పటి పాస్టరుగారు మెచ్చుకున్నారు. నేనూ చాలాకాలం గర్వపడ్డాను. దేవుడు చూస్తాడని రాశాను. సర్కారు చూస్తుందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

ఇక ఆ మనిషి సంగతి. అతను నాకు వరసకు బావ, ఈడుకు సమానం. ఒకే ఏడు ఇద్దరం కృష్ణలో మునిగాం. నేను చదువుకున్నాను, అతను రైసుమిల్లులో బస్తాలు మోశాడు. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే ఆయన కడరాత్రి భోజనానికి గుర్తుగా మేం పంచుకునే విందుకు, రొట్టె అతని ఇంటి నుంచే వచ్చేది. భార్య ఉన్నన్నాళ్ళు ఆమె చేసింది. ఆమె పోయాక తానే గోధుమపిండి తడిపి, పెనం మీద కాల్చి, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి తెచ్చేవాడు. జొన్నరొట్టె కొట్టే చెయ్యి కావడం వల్ల అది మందంగా ఉండేది, ఒక మూల మాడేది. ఎవరైనా ముఖం చిట్లిస్తే ఊరుకునేవాడు కాదు.

"సిలువ మీద ఆయనకేమన్న నీడ పట్టిండ్రా? ఎండల కాలిండు. రొట్టె జర మాడితే నీ నోరు పోతదా?"

అతనికి మరొక పని కూడా ఉండేది. మంచి శుక్రవారం నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలను మా సంఘంలో ఏడుగురు సభ్యులు ఒక్కొక్కటిగా వివరిస్తారు. ఎవరికి ఏ మాటో నెల ముందే నేను జాబితా వేస్తాను. క్షమించమన్న మొదటి మాటకు, దొంగకు అభయమిచ్చిన రెండవ మాటకు పోటీ ఉండేది. నాలుగవదాన్ని ఎవరూ కోరేవారు కాదు. తండ్రి తనను ఎందుకు విడిచిపెట్టాడని కుమారుడు అడిగే మాట అది. చదువుకున్నవాళ్ళం దాని దగ్గర తడబడేవాళ్ళం. చదువు లేని అతను ప్రతి సంవత్సరం దాన్నే తీసుకునేవాడు. పొడుగ్గా చెప్పేవాడు కాదు.

"తండ్రి మొగం అటు తిప్పుకున్నడు. ఎందుకు తిప్పుకున్నడు? మన మురికంత కొడుకు మీదున్నది. సూడబుద్ధి కాలే. మేకుల నొప్పి గట్టిదే గని, గీ నొప్పి ముంగట అదెంత? అయినా ఆయనను ఎవ్వరు గుంజుకపోలే. తనంతల తనే పోయిండు. ఎరిగి పోయిండు." ఇంతే చెప్పి కూర్చునేవాడు.

అతనికి ఒక్కతే బిడ్డ. పదిహేనేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకుంది. రెండు పేర్లూ నేనే రాశాను. తల్లి నాట్లకు, తండ్రి మిల్లుకు పోయి చదివించారు. తెలంగాణ వచ్చిన తర్వాత గురుకులాలు పెరిగాయి కదా, అచ్చంపేట దిక్కు ఒక బడిలో ఆమెకు టీచరు ఉద్యోగం వచ్చింది, ఎస్సీ కోటాలో. మా వాడ నుంచి ఆ ఉద్యోగానికి ఎక్కిన మొదటి ఆడపిల్ల. రెండేళ్ళు గడిచాయి. అప్పుడు ఎవరో పై అధికారులకు అర్జీ పెట్టారు: ఈమె క్రైస్తవురాలు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు, సంఘం పుస్తకం చూడండి, అందులో బడి పేరు కూడా ఉంది. అర్జీ రాసినవాడికి ఆ గడి సంగతి తెలుసు. మా సంఘంలో మెలిగినవాడెవడో చెప్పి ఉండాలి. ఎవరన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

విచారణకు బాప్తిస్మాల పుస్తకం తెమ్మని నాకు కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నమే మిల్లులో అన్నం వేళ చూసుకొని బావ మా ఇంటికి వచ్చాడు. ఒళ్ళంతా తవుడు దుమ్ము.

"బావా, గా పేజీ ఉన్నది గదా," అన్నాడు.

"ఉన్నది."

"లేకుంటేంది?"

"చింపుమంటున్నవా?"

"చింపుమంటలే. పుస్తకాలకు చెదలు పడ్తయ్ గదా. మీ ఇంట్ల చెదలు లేవా?"

"నా పుస్తకాలకు పట్టయి. వేపాకు పెడుత."

"అవ్, నీ ఇంట్ల చెదపురుగు గూడ సంతకం పెట్టినంకనే తింటది," అని నవ్వాడు. నేను నవ్వలేదు. దేవుని ఎదుట రాసిన పేజీ అని, అందులో ఇంకా పదకొండు మంది ఉన్నారని, పుస్తకం లేదని చెప్పడం నా వల్ల కాదని చెప్పాను. అతను కోపగించలేదు. గ్లాసెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది నాకు గుణమో లోపమో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మూడు రోజులకు మళ్ళీ వచ్చాడు. ఈసారి కూతురు కూడా వెంట ఉంది. ఈ మధ్యలో అతను మహబూబ్‌నగర్ వెళ్ళి ఒక వకీలును కలిశాడు. వకీలు చెప్పిన దారి ఇది. నీళ్ళలో మునిగేనాటికి పిల్ల మైనరు. మైనరు మతం తండ్రి మతమే. తండ్రి హిందువై ఉండి, అతని ఒప్పుదల లేకుండా సంఘం బాప్తిస్మం ఇచ్చి ఉంటే, ఆ పేజీ ఒక్కటీ చూపి సర్టిఫికెట్‌ను కొట్టేయడం కష్టం. కాబట్టి తండ్రి క్రైస్తవుడు కాకూడదు.

"నన్ను కొట్టెయ్యుండ్రి," అన్నాడు బావ, జుట్టు కత్తిరించమన్నంత తేలికగా.

"ఏమంటున్నవో తెలుస్తున్నదా నీకు?"

"తెలిసే అంటున్న. రేపు ఆ ఆఫీసరు నిన్నడుగుతడు, ఈడు మీ సంఘపోడేనా అని. నువ్వు అబద్ధమాడవు. ఆడలేవు. చిన్నప్పుడు సారు సుద్దముక్క దొంగిలించి, మల్ల నువ్వే పోయి సారుకు చెప్పినోనివి. అందుకే ముందుగాలనే నా పేరు తీసెయ్యి. అప్పుడు లేడు అంటవు. నిజమే అయితది. అబద్ధమంత నా నోట్ల ఉంటది, నీ నోరు సాపు."

నేను మండిపడ్డాను. ఆ రోజు అన్న మాటలన్నీ రాసుకొని పెట్టుకున్నాను. ప్రభువును ఎరుగనని చెప్పడం పేతురు చేసిన పాపమని, కోడి కూసేసరికి ఏడవవలసి వచ్చిందని అన్నాను.

"పేతురు తన పానం కోసం ఆడిండు. నేను నా పానం కోసం ఆడుతున్ననా?" అన్నాడు.

"ఒకరి బదులు ఒకరు పోయే పని ఒక్కసారే జరిగింది. పాపం లేనోడు చేసిండు గనక చెల్లింది. నువ్వెవడివి ఇంకొకరి బదులు నిలబడటానికి? నిన్ను నువ్వు ఆయనతోని పోల్చుకుంటున్నవా?"

"ఓ బావా, ఆత్మ సంగతి ఆయన సూసుకున్నడు, అది అయిపోయింది. నౌకరి సంగతి ఆయన సూస్తడా? అది నా మీద పడ్డది."

అంతసేపూ తల వంచుకొని ఉన్న కూతురు అప్పుడు నోరు తెరిచింది. "మామా, నేను నౌకరి ఇడిసిపెడ్త. నాయిన పేరు కొట్టెయ్యకుండ్రి. గా కాయితం నాది, తప్పు నాది."

"నువ్వు సప్పుడు జెయ్యకు," అన్నాడు తండ్రి. "ఇడిసిపెడితే మీ అమ్మ నడుము యాడికెళ్ళి తెస్తవు? బురదల వంగి వంగి పోయింది ఆమె."

ఆ పిల్ల ఏడ్చింది. ఒప్పుకోలేదు, కాదనీ అనలేకపోయింది. ఇక మిగిలింది నేను.

నేను వాళ్ళకు ఒక షరతు పెట్టాను. ఇది కూడా రాయాలి. మా సంఘ క్రమం ప్రకారం ఒకరి పేరు కొట్టేయాలంటే కారణం రాయాలి. "తాగుబోతునని రాయి," అన్నాడు. నువ్వు తాగవు కదా అన్నాను. "ఇయ్యాల్టికెళ్ళి తాగన్నా?" అన్నాడు. అబద్ధపు కారణం రాయనన్నాను. విశ్వాసాన్ని కాదన్నాడని రాయాలంటే, ఏడుగురు పెద్దల ముందు నిలబడి నోటితో అనాలి, అంటేనే రాస్తానన్నాను. నా పుస్తకం శుభ్రంగా ఉండాలి. అందుకోసం ఆ మాట అతని నోటి నుంచి పలికించాను. అతను "సరే, అంట," అన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, జనం వెళ్ళిపోయాక, ఏడుగురం చాప మీద కూర్చున్నాం. పాస్టరుగారు పక్కన ఉన్నారు. సంగతి అందరికీ తెలుసు. అయినా నేను పద్ధతి తప్పలేదు. తీర్మానాల పుస్తకం తెరిచి, అతన్ని లేచి నిలబడమన్నాను.

"నువ్వు యేసుక్రీస్తును నీ రక్షకుడుగా నమ్ముతున్నావా?" అని అడిగాను. బాప్తిస్మం నాడు అడిగే ప్రశ్న అదే.

 "నాకాయన ఎరుక లేడు," అన్నాడు. ఆ గొంతు నాలుగవ మాట చెప్పే గొంతులాగే ఉంది.

చేతులెత్తమన్నాను. ఏడు చేతులు లేచాయి, నాదీ వాటిలో ఉంది. ఒకాయన ఎత్తిన చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు. తీర్మానం రాసి, సభ్యుల పట్టికలో అతని పేరు మీద అడ్డంగా గీత గీసి, పక్కన తారీఖు వేసి, సంతకం పెట్టాను.

ఇప్పుడు మరొక నిజం రాయాలి. ఆ లేచిన ఏడు చేతులకూ ఇంట్లో ట్రంకుపెట్టెల్లో కులం సర్టిఫికెట్లు ఉన్నాయి. నాకూ ఉంది. నేను ఉపాధ్యాయుడినైంది దాని మీదే, ఈనాడు నెలనెలా పింఛను తింటున్నదీ దాని మీదే. నా బాప్తిస్మం నాకంటే ముందు పెద్దమనిషి రాసిన పుస్తకంలో ఉంది. అందులో నా సంఘం పేరు ఒక్కటే ఉంది, బడి పేరు లేదు; బావదీ అంతే. కొత్త గడి గీసినప్పుడు పాత పేజీలకు కూడా దాన్ని నింపవచ్చు. పద్ధతి ప్రకారం నింపాలి కూడా. నేను నింపలేదు. 'ఈ రోజు నుంచి' అని మొదలుపెట్టాను. అప్పట్లో దానికి నేను చెప్పుకున్న కారణం, పాత పేజీలను ముట్టుకోకూడదని. అది నిజమైన కారణం కాదని ఆ ఆదివారం చేతులు దించుతున్నప్పుడు తెలిసింది.

విచారణ పంచాయతీ ఆఫీసులో జరిగింది. అధికారి మర్యాదస్తుడు. బావ నుదుట కుంకుమ బొట్టు పెట్టుకొని వచ్చాడు. అతను హిందువేనని సాక్ష్యం చెప్పడానికి కులపెద్దలు ఇద్దరు పక్కన కూర్చున్నారు. నా పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది.

"ఈ రాత మీదేనా?" అని అధికారి నన్ను అడిగాడు.

"నాదే."

"ఈ బడి పేరు ఆ అమ్మాయిదేనా?"

"ఆ అమ్మాయిదే."

అర్జీ తరఫున వచ్చినవాడు నవ్వాడు. అధికారి బావ వైపు తిరిగాడు.

"గా బుక్కుల ఏం రాసుకున్నరో నాకు తెల్వదు సారూ," అన్నాడు బావ. "నన్నడిగి రాయలే. నా సంతకం ఉంటే సూడుండ్రి. పిల్ల ఆటకు పోయిందనుకున్న. క్రిస్మస్‌కు బిర్యానీ పెడ్తరని నేను గూడ పోతుంటి. నాకు గా దేవుడు లేడు, గా పాట రాదు."

అధికారి పేజీని దగ్గరగా పెట్టుకొని చూశాడు. తేదీ ఉంది, రేవు పేరు ఉంది, వయసు ఉంది, సాక్షులున్నారు. అన్ని గడులూ గీసిన నేను తండ్రి ఒప్పుదలకు గడి గీయలేదు. తండ్రి నది ఒడ్డున తువాలు పట్టుకొని నిలబడి ఉంటే, అతని ఒప్పుదల వేరే రాయాలని ఎవరికి తోస్తుంది? బిడ్డ నీళ్ళలోంచి లేవగానే ఆ తువాలు కప్పి, అందరికంటే ముందు పాట అందుకున్నది అతనే. ఆ పేజీలో నేను చేసిన తప్పు అదొక్కటే, వాళ్ళకు పనికొచ్చిందీ అదే.

"ఈయన మీ సంఘ సభ్యుడా?" అని అధికారి నన్ను అడిగాడు.

"కాదు," అన్నాను.

ఎప్పటి నుంచి కాదని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. అడగనిదానికి నేను జవాబు చెప్పలేదు. నేను నిజమే చెప్పాను, బావ అబద్ధం చెప్పాడు. ఆ గదిలో సిగ్గుపడవలసినవాడు ఎవరో నాకు అప్పుడే తెలుసు.

కొన్ని నెలలకు సర్టిఫికెట్ చెల్లుతుందని ఉత్తర్వు వచ్చింది. కూతురు ఉద్యోగం నిలిచింది. అతను మాత్రం తిరిగి రాలేకపోయాడు. వస్తే మళ్ళీ అర్జీ పడుతుంది. వెలివేసినవాడిని సంఘం ఎలా చూడాలో అలాగే చూసింది. అతని ఇంట్లో ఎవరూ తినలేదు, పెళ్ళికి పిలుపు వెళ్ళలేదు. కొందరు అర్జీ పెట్టినవాళ్ళ కళ్ళు పడతాయని భయపడి దూరంగా ఉన్నారు. పిన్న వయసువాళ్ళు కొందరు నిజంగానే విశ్వాసం వదిలినవాడనుకున్నారు. బల్లకు రొట్టె ఆత్మకూరు బేకరీ నుంచి తెప్పించసాగారు. అది తియ్యగా ఉంటుంది. అతను ఆదివారం పూట ప్రహరీ అవతల, సైకిలు పట్టుకొని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా నిలబడేవాడు. మా మైకు దూరం వినిపిస్తుంది.

పాత పాస్టరుగారు బదిలీ అయ్యారు. కొత్తాయన చురుకైనవాడు. వచ్చీ రాగానే తీర్మానాల పుస్తకం చదివాడు. ఆ మరుసటి మంచి శుక్రవారం ఏడు మాటలకు ముందు, ప్రభువును కాదన్నవారి గతి గురించి చెబుతూ, ఈ సంఘంలోనే ఒకడు పెద్దల ఎదుట నిలబడి ఆయన్ను ఎరుగనన్నాడని, ప్రభువును పట్టించిన యూదాకూ వాడికీ తేడా లేదని మైకులో అన్నాడు. ప్రహరీ అవతల సైకిలు కనిపిస్తూనే ఉంది. నాలుగవ మాటకు నేను జాబితాలో ఎవరి పేరూ రాయలేదు. ఆ వంతు వచ్చినప్పుడు ఎవరూ లేవలేదు. కొత్తాయనే ఏదో చెప్పి ముగించాడు.

ఆరాధన అయ్యాక ఆయన్ను పక్కకు పిలిచి, చెప్పకూడనిదంతా చెప్పాను. 

"ఇదంతా పుస్తకంలో లేదు కదండీ," అన్నాడు.

"లేదు."

"మరి ఎందుకు రాయలేదు?"

రాస్తే ఏమవుతుందో చెప్పాను.  నా కోపం ఆయన మీద కాదు. ఆయన చదివింది నేను రాసిందే. నేను రాసిందంతా నిజమే. ఒక మనిషి గురించి నిజాలు మాత్రమే రాసి, అతన్ని యూదాను చేశాను.

రెండేళ్ళ తర్వాత బావకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏళ్ళ తరబడి మిల్లు దుమ్ము పీల్చినందువల్లేనని జిల్లా దవాఖానలో చెప్పి ఇంటికి పంపారు. నేను వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. కూతురు సెలవు పెట్టి వచ్చింది. ఆమె లోపల గంజి కాస్తోంది.

"రొట్టె తెస్త బావా. ఇక్కడనే, ఎవ్వరికి తెల్వకుంట," అన్నాను. వెలివేసినవాడికి బల్ల ఇవ్వడం సంఘ క్రమానికి విరుద్ధం. క్రమం తప్పుతానని జీవితంలో మొదటిసారి అన్నాను.

"నువ్వు తెస్తే రాస్తవు."

"రాయ."

"రాయకుంట నువ్వుండలేవు. రాయకుంటే నీకు నిద్ర పట్టది, రాస్తే నా బిడ్డకు పట్టది. ఉండనియ్యి." దగ్గు వచ్చి ఆగింది. "నువ్వు సదువుకున్నోనివి, ఒక్కటి చెప్పు. ఆయన గూడ మొగం తిప్పుకుంటడా?"

నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఎంతటి పాపికైనా ఆ రక్తం చాలునని, పశ్చాత్తాపపడినవాడిని ఆయన తోసివేయడని అన్నాను. ఎన్నో మరణశయ్యల దగ్గర చెప్పిన మాటే.

"గదే కష్టం బావా," అన్నాడు. "పశ్చాత్తాపం యాడున్నది నాకు? మల్ల జెయ్యమంటే మల్ల జేస్త."

నేను చదివిన చదువంతా ఆ ఒక్క మాట ముందు నిలబడలేదు. ఒకరి బదులు ఒకరు ఎరిగి పోవడమే మా విశ్వాసానికి పునాది అని చిన్ననాటి నుంచి పాడుతున్నాను. నా ఎదుట ఒక మనిషి తన బిడ్డ కోసం ఎరిగి బయటికి పోయాడు. అతనికి లోపల చోటుందో లేదో చెప్పలేకపోయాను. మనుషులు చేసే త్యాగం రక్షణ కాదని నాకు తెలుసు, ఇప్పటికీ అదే నమ్ముతాను. కాని ఆ రోజు ఆ మాట అనకుండా అతని చెయ్యి పట్టుకున్నాను. అతను అటు తిరిగి పడుకున్నాడు.

మూడవ రోజు ఉదయం పోయాడు. సంఘం స్మశానంలో చోటు అడగలేదు. అడిగితే పెద్దలు ఇచ్చేవారో లేదో తెలియదు. ఇచ్చినా అక్కడ ఎవరైనా తీసే ఫొటోతో కూతురు దొరికిపోయేది. వాగు దగ్గర కులం జాగాలో గుంత తవ్వారు. ముందు డప్పులు నడిచాయి. నుదుట బొట్టు పెట్టారు, నోట్లో బియ్యం పోశారు. వాటి మీద నాకు నిరసన లేదు. అవి మా తాతల ముత్తాతల పద్ధతులే. కాని మంచం మీద ఉన్నవాడు వాటిలో ఒక్కదాన్నీ కోరలేదు. సంఘం నుంచి పదిహేను మందిమి వెళ్ళాం. చుట్టాలమని వెళ్ళాం, చేతుల్లో పుస్తకాలు లేవు. కొత్త పాస్టరు రాలేదు. రాలేక, తన గదిలో తలుపు వేసుకొని ఉన్నాడని తర్వాత తెలిసింది.

గుంత చుట్టూ కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. దూరాన ఉన్న చుట్టాలకు చూపించడానికేనన్నారు. అది నిజమే కావచ్చు. కూతురు నా పక్కకు వచ్చి నిలబడింది.

"మామా, ప్రార్థన?" అంది, పెదవులు కదలకుండా.

"చేస్తున్న. నువ్వు కళ్ళు మూయకు," అన్నాను.

చేతులు జోడించకుండా వెనక్కి కట్టుకున్నాను. తల వంచలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొంది. డప్పుల మోతలో, మట్టి పడుతున్నంతసేపూ, నాలుగవ మాటను లోపల లోపల పలికాను. అతని తరఫున పలికానో, అతన్ని కొట్టేసినవాడిగా పలికానో తెలియదు. ఫోను ఒకటి మా వైపు తిరిగింది. ఇద్దరం కళ్ళు తెరిచే దాని వైపు చూశాం. గుంత నిండేదాకా రెప్ప వేయడానికి కూడా భయపడ్డాం.